ఒక్క సీజన్ కొలువు: ఒహాయో స్టేట్ జట్టులో చిప్ కెల్లీ పనితీరుపై ఒక సమీక్ష

2024 ఫిబ్రవరిలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం తన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు చిప్ కెల్లీని అఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా, అంటే దాడి ఆటకు వ్యూహకర్తగా, తెచ్చుకుంది. 2025 జనవరి 20న ఆ జట్టు జాతీయ విజేత అయింది. ఆ తర్వాత పట్టుమని పదిహేను రోజులు తిరగకముందే కెల్లీ ఆ కొలువు వదిలి లాస్ వేగస్ రైడర్స్ అనే ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లిపోయారు. ఆయన తొలి సీజనే అక్కడ చివరి సీజన్ కూడా కావడంతో, డబ్బిచ్చి తెచ్చుకున్న ఒక సేవ ఎలా సాగిందో మొదటి నుంచి చివరి దాకా చూసి తీర్పు చెప్పే అవకాశం అరుదుగా దొరికింది. నా తీర్పు ముందే చెబుతాను. కెల్లీ ఈ ఏడాది కొత్తగా కనిపెట్టింది చాలా తక్కువ. తన దగ్గర ఉన్న మేటి ఆటగాళ్లకు బంతిని సమయానికి అందించడమే ఆయన అసలు పని, ఆ పనిని గుర్తు పెట్టుకున్న రోజుల్లో ఆయన్ను మించినవారు లేరు, మరచిపోయిన ఒక్క రోజున మాత్రం జట్టు పరువు పోయింది.

అనంతపురంలో కూర్చుని ఈ ఆట మీద రాయడం ఏమిటని అడిగేవారు ఉండవచ్చు. ఇక్కడ ఇంజనీరింగ్ ముగించి ఎం.ఎస్. కోసం అమెరికా వెళ్లిన పిల్లలు లేని వీధి మన ఊళ్లో తక్కువ. మా మేనల్లుడు ఒహాయో స్టేట్ ఉన్న కొలంబస్ నగరంలోనే చదువుతున్నాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో శనివారం ఫోన్ చేస్తే "మామా, మ్యాచ్ అయినాక మాట్లాడతా" అనే మాట తప్ప మరొకటి వినబడదు. లక్షమందికి పైగా పట్టే స్టేడియం నిండిపోతుందట. మన అనంతపురం జనాభాలో మూడో వంతుకు పైగా ఒకే చోట కూర్చున్నట్టు లెక్క. అంత మందిని పట్టి కూర్చోబెట్టే వ్యవహారం ఏమిటో తెలుసుకుందామని నేనూ చూడటం మొదలుపెట్టాను. కొన్ని మ్యాచ్‌లు నేరుగా, కొన్ని పూర్తి రికార్డింగులుగా చూశాను. వాళ్ల మధ్యాహ్నపు ఆటలు మనకు రాత్రి తొమ్మిదిన్నరకు, నవంబరులో గడియారాలు మారాక పదిన్నరకు మొదలవుతాయి. వాళ్ల రాత్రి ఆటలు మనకు ఆదివారం తెల్లవారుజామున వస్తాయి. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్.డి.టి.) మైదానాల్లో మన పిల్లలు ఆడే ఫుట్‌బాల్ వేరు, ఇది వేరు. ఇక్కడ బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు.

ఈ కొలువు ఏమిటో కొంత చెప్పక తప్పదు. దాడి చేసే జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు దక్కుతాయి, జరగలేకపోతే బంతి ఎదుటివారి పాలవుతుంది. ప్రతి ప్రయత్నానికీ ముందు, బంతిని పరుగుతో తీసుకెళ్లాలా, విసరాలా, విసిరితే ఎవరికి, ఎవరు ఏ దారిన పరుగెత్తాలి అన్న నిర్ణయం సెకన్లలో జరిగిపోవాలి. ఆ నిర్ణయం చేసేవారే అఫెన్సివ్ కోఆర్డినేటర్. 2024 సీజన్ నుంచి అక్కడి పెద్ద కళాశాలల ఆటలో కోచ్ మాట ఒక ఆటగాడి హెల్మెట్‌లోనే వినబడే ఏర్పాటు వచ్చింది. ప్రయత్నానికి ఇచ్చిన గడువులో పదిహేను సెకన్లు మిగిలాయనగా ఆ మాట ఆగిపోతుంది, అక్కడి నుంచి కుర్రవాడే చూసుకోవాలి.

కెల్లీ సామాన్యుడు కారు. 2009 నుంచి 2012 దాకా ఒరెగాన్ విశ్వవిద్యాలయ జట్టుకు ప్రధాన కోచ్‌గా ఉండి, ఎదుటి జట్టు ఊపిరి పీల్చుకునేలోగా తర్వాతి ప్రయత్నం మొదలుపెట్టే వేగవంతమైన ఆటతో అమెరికా అంతటా పేరు తెచ్చుకున్నారు. తర్వాత ఫిలడెల్ఫియా, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రొఫెషనల్ జట్లలో పనిచేసి, 2018 నుంచి లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయ జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. ఆ పెద్ద కుర్చీ వదిలేసి, ఒకప్పుడు తన దగ్గర ఆట నేర్చుకున్న శిష్యుడి కింద పనిచేయడానికి వచ్చారు. ఒహాయో స్టేట్ ప్రధాన కోచ్ రయన్ డే న్యూహాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌గా (బంతిని విసిరి దాడిని నడిపించే ఆటగాడిగా) ఆడినప్పుడు అక్కడి దాడికి వ్యూహం కెల్లీదే; తర్వాత ప్రొఫెషనల్ జట్లలో డే ఆయన సహాయకుడిగానూ పనిచేశారు. అంతకుముందు వరకు ప్రతి ప్రయత్నాన్నీ స్వయంగా నిర్ణయించిన డే ఆ బాధ్యతను గురువు చేతికి ఇచ్చారు. శిష్యుడి కింద గురువు కొలువు చేయడం మన దగ్గర అంత తేలికగా జరిగే పని కాదు. ఆ ఏడాది పొడవునా వాళ్లిద్దరి మధ్య పొరపొచ్చాలు వచ్చినట్టు మైదానంలో కనబడకపోవడం ఈ సేవలో నాకు నచ్చిన మొదటి అంశం.

పాత పేరును బట్టి అందరూ వేగాన్ని ఆశించారు. వచ్చింది వేరు. కెల్లీ కొలంబస్‌లో ఆటను నెమ్మదింపజేశారు. గడువు చివరి సెకన్ల దాకా వాడుకుని, తక్కువ ప్రయత్నాలతో ఎక్కువ పాయింట్లు రాబట్టే పద్ధతిని ఎంచుకున్నారు. సీజన్ పొడవు చూస్తే అది తెలివైన పనే. జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీ అంతకుముందు నాలుగు జట్లకే పరిమితం. 2024లో తొలిసారిగా దాన్ని పన్నెండుకు పెంచారు. దాంతో విజేత కావాలంటే పదహారు మ్యాచ్‌లు ఆడవలసి రావచ్చు, ఈ జట్టు ఆడింది కూడా అంతే. ఇరవై ఏళ్ల కుర్రవాళ్ల మోకాళ్లు జనవరి దాకా నిలవాలన్న ఆలోచన వేగం కోసం పేరుపడ్డ మనిషికి రావడం చిన్న విషయం కాదు.

సేవను అంచనా వేసేటప్పుడు సరుకును పక్కన పెట్టి చూడాలి, లేకపోతే సరుకు నాణ్యతకు పనివాడి పేరు పడుతుంది. ఇక్కడ సరుకు మామూలుది కాదు. కాన్సాస్ స్టేట్ నుంచి వచ్చిన అనుభవజ్ఞుడైన క్వార్టర్‌బ్యాక్ విల్ హోవర్డ్, ఒకే జట్టులో బంతి పట్టుకుని పరుగెత్తే ఇద్దరు మొదటి వరుస రన్నింగ్ బ్యాక్‌లు ట్రెవియన్ హెండర్సన్, క్విన్‌షాన్ జడ్కిన్స్, విసిరిన బంతిని అందుకునే నమ్మకస్తుడైన రిసీవర్ ఎమెకా ఎగ్‌బూకా, వీరందరికీ మించి మొదటి సంవత్సరం విద్యార్థి జెరెమయా స్మిత్ ఉన్నారు. పద్దెనిమిదేళ్ల స్మిత్ ఆ సీజన్‌లో 1,315 గజాలు, 15 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివారి చివరి గీత దాటించడం) సాధించాడు. కనుక ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆక్రన్‌పై 52-6, వెస్టర్న్ మిషిగన్‌పై 56-0 వంటి విజయాలకు నేను కెల్లీకి మార్కులేవీ వేయను. ఆ సెప్టెంబరులో మన ఆర్.డి.టి. స్టేడియంలో దులీప్ ట్రోఫీ జరిగింది, నా ధ్యాస అంతా అక్కడే ఉంది, దానివల్ల నేను పోగొట్టుకున్నది ఏమీ లేదు.

అసలు పరీక్ష అక్టోబరు 12న ఒరెగాన్‌లో మొదలయింది. కెల్లీ ఒకప్పుడు ఏలిన మైదానంలోనే ఒహాయో స్టేట్ 32-31 తేడాతో ఓడింది. చివరి క్షణాల్లో హోవర్డ్ పరుగెత్తి నేలమీదికి జారేసరికి గడియారం సున్నా అయిపోయింది; ఫీల్డ్ గోల్ కొట్టి (బంతిని కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్యగా పంపి) గెలిచే అవకాశం అలా చేజారింది. ఆ లోపం హోవర్డ్‌ది కావచ్చు, అయినా అతనికి మిగిలిన సెకన్ల లెక్క చెప్పవలసిన వాళ్లు మైదానం పక్కనే నిలబడి ఉన్నారు. అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి అదే రోజు తగిలింది. క్వార్టర్‌బ్యాక్‌కు ఎడమ వైపు రక్షణగా నిలిచే జాష్ సిమన్స్ మోకాలి గాయంతో సీజన్‌కు దూరమయ్యాడు. తర్వాతి మ్యాచ్‌లో నెబ్రాస్కాపై 21-17తో బయటపడ్డారు కానీ పరుగు ఆట పూర్తిగా కుంటుపడింది. పక్క స్థానంలో ఆడే డొనవన్ జాక్సన్‌ను ఆ ఖాళీలోకి జరిపి, అతనికి అలవాటయ్యేదాకా తగిన ఆటను ఎంచుకుంటూ కెల్లీ జట్టును నడిపించిన తీరు బయటికి కనబడని పని.

నవంబరు 2న పెన్ స్టేట్ మీద ఆడిన మ్యాచ్‌లో, నా దృష్టిలో, మామూలు సీజన్ మొత్తానికీ మంచి ఘట్టం ఉంది. ఒహాయో స్టేట్ 20-13 ఆధిక్యంలో ఉండగా, పెన్ స్టేట్‌ను రక్షణ దళం చివరి గీత ముందే ఆపింది. అయిదు నిమిషాలకు కాస్త పైగా సమయం మిగిలింది, బంతి తమ గీతకు ఆనుకునే ఉంది. అక్కడ ఏ చిన్న తప్పు జరిగినా మ్యాచ్ పోతుంది. కెల్లీ ఒక్కసారి కూడా బంతిని విసరనివ్వలేదు. వరుసగా పరుగులే పెట్టిస్తూ, పది పది గజాలు కూడబెట్టుకుంటూ, మిగిలిన సమయమంతా కరిగించేశారు. అంత మంది మేటి రిసీవర్లను పెట్టుకుని వాళ్ల వంక చూడకుండా ఉండాలంటే నిగ్రహం కావాలి. ఎదుటివారికి ఏం జరగబోతోందో తెలుసు, అయినా ఆపలేకపోయారు.

ఆ నిగ్రహమే నాలుగు వారాల తర్వాత మొండితనంగా మారింది. నవంబరు 30న సొంత మైదానంలో మిషిగన్‌తో మ్యాచ్. ఈ రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఉన్న పంతం ఎంతటిదంటే, మిగతా మ్యాచ్‌లన్నీ గెలిచి ఇది ఓడితే ఆ ఊళ్లో కోచ్ తలెత్తుకుని తిరగలేడు. మిషిగన్ ఆ ఏడాది అప్పటికి ఆరు గెలిచి అయిదు ఓడి నీరసంగా ఉంది, వరుసగా మూడేళ్ల ఓటములకు బదులు తీర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అయితే ఆ నీరసపు జట్టులోనూ ఒక చోట ఉక్కుగోడ ఉంది. రక్షణ వరుస నడిమధ్యలో మేసన్ గ్రాహమ్, కెనెత్ గ్రాంట్ అనే ఇద్దరు భారీకాయులు నిలబడి ఉన్నారు. 2025 ఏప్రిల్‌లో ఆ ఇద్దరినీ ప్రొఫెషనల్ జట్లు తొలి రౌండ్‌లోనే ఎంచుకున్నాయి. ఒహాయో స్టేట్ వరుసలో నడిమి స్థానం వాడు సెత్ మెక్‌లాఫ్లిన్ అప్పటికే గాయంతో లేడు. అంటే ఎదుటివారి అత్యంత బలమైన చోటుకు ఎదురుగా తమ అత్యంత బలహీనమైన చోటు ఉంది. కెల్లీ దాడి మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లింది. మధ్యలోంచి పరుగు, రెండు గజాలు. మళ్లీ మధ్యలోంచి పరుగు, ఒక గజం. మ్యాచ్ మొత్తంలో పరుగుతో వచ్చినవి 77 గజాలే. బయటి అంచుల్లో స్మిత్, ఎగ్‌బూకా చేతులు కట్టుకున్నట్టే నిలబడిపోయారు. చివరి ఓవర్‌లో ఆరు పరుగులు కాపాడాల్సి ఉండగా బుమ్రాను బౌండరీ దగ్గర నిలబెట్టి బంతిని మరొకరికి ఇచ్చిన కెప్టెన్‌ను చూసినప్పుడు మనకు ఎలా ఉంటుందో, ఆ రాత్రి నాకు అలాగే అనిపించింది.

రెండో సగంలో ఒహాయో స్టేట్ ఒక్క పాయింటు కూడా చేయలేదు. 10-10 వద్ద నిలిచిపోయిన మ్యాచ్‌ను, నిమిషం లోపు సమయం మిగిలి ఉండగా మిషిగన్ ఫీల్డ్ గోల్‌తో 13-10గా ముగించింది. హోవర్డ్ రెండుసార్లు బంతిని ఎదుటివారి చేతుల్లోకి విసిరాడు, కిక్కర్ ఫీల్డ్ గోల్ ప్రయత్నాల్లో రెండుసార్లు గురి తప్పాడు, ఆ సంగతులు నిజమే. అవన్నీ లెక్కలో వేసుకున్నా, ఆ ఓటమికి మొదటి కారణం వ్యూహమే అన్న నా అభిప్రాయం రికార్డింగు మళ్లీ చూశాక మరింత బలపడింది. ప్రత్యర్థి బలం మీదే గెలిచి చూపించాలన్న పంతం వ్యూహకర్తకు పనికిరాదు. మిషిగన్‌ను బలంతో కొట్టలేరన్న నింద ఆ జట్టు మీద మూడేళ్లుగా ఉంది. ఆ నిందను తుడిచేయాలన్న తాపత్రయమే ఆ రోజు ప్రయత్నాలను ఎంచిందని నాకు తోస్తుంది. ప్రధాన కోచ్‌గా డేకు ఇందులో వాటా లేదని అనలేము. ఆ ఓటమితో సొంత లీగ్ ఫైనల్ ఆడే అవకాశం కూడా పోయింది. ఆ రాత్రి మేనల్లుడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ప్లేఆఫ్‌లో ఎనిమిదో స్థానం దక్కింది కాబట్టి కథ అక్కడితో ముగియలేదు. డిసెంబరు 21న టెనెసీతో జరిగిన మ్యాచ్‌ను మిషిగన్ మ్యాచ్ పక్కన పెట్టి చూస్తే, రెండింటికీ ఒకే మనిషి వ్యూహం పన్నాడంటే నమ్మడం కష్టం. మొదటి నుంచే బంతి గాలిలోకి లేచింది. స్మిత్ రెండు టచ్‌డౌన్‌లు చేశాడు, హోవర్డ్ 29 సార్లు విసిరి 24 సార్లు సరిగ్గా అందించాడు, తొలి క్వార్టర్ (ఆటలో మొదటి నాలుగో వంతు) ముగిసేసరికి 21-0, చివరికి 42-17. పరుగు ఆట మాయం కాలేదు. విసురుతారన్న భయంతో రక్షకులు వెనక్కి జరిగాక హెండర్సన్‌కూ జడ్కిన్స్‌కూ ఖాళీ దారులు దొరికాయి. ముందు అంచులు తెరిచి తర్వాత మధ్యకు రావాలన్న ఈ వరుసే నవంబరు 30న తలకిందులయింది.

జనవరి 1న క్వార్టర్ ఫైనల్‌గా జరిగిన రోజ్ బౌల్ మ్యాచ్‌లో మళ్లీ ఒరెగాన్ ఎదురైంది. అప్పటిదాకా ఓటమి ఎరుగని జట్టు, మొదటి స్థానంలో ఉన్న జట్టు. మనకు తెల్లవారుజామున మూడున్నరకు మొదలైన ఆ మ్యాచ్‌లో నేను కాఫీ కలుపుకుని వచ్చేలోపే స్మిత్ టచ్‌డౌన్ చేసేశాడు. మూడో ప్రయత్నంలోనే 45 గజాలు. విరామం రాకముందే ఆధిక్యం 34-0కు చేరింది. స్మిత్ ఒక్కడే 187 గజాలు సాధించాడు. అక్టోబరులో ఒక్క పాయింటుతో గెలిచిన ఒరెగాన్‌కు ఈసారి 41-21 ఓటమి మిగిలింది. ఆ రోజు కెల్లీ చేసిన ఎంపికల్లో మెలికలు వెతికితే దొరకవు. ఒంటరిగా ఎవరూ ఆపలేని కుర్రవాడు ఒకడున్నాడు, వాడికి బంతి ఇచ్చారు, ఎదుటివారు ఇద్దరిని కాపలా పెట్టే దాకా ఇస్తూనే ఉన్నారు.

సెమీఫైనల్‌లో టెక్సాస్ ఆ పాఠం నేర్చుకునే వచ్చింది. స్మిత్‌ను చుట్టుముట్టి, మ్యాచ్ మొత్తంలో ఒక్కసారే, అదీ మూడు గజాలకే బంతి అందేలా కట్టేసింది. ఇక్కడ కెల్లీ పనితనం నిజంగా కనబడింది. విరామానికి కొన్ని సెకన్ల ముందు, అందరి కళ్లూ దూరం వైపు ఉన్నప్పుడు, ముందుకు దూసుకొచ్చే రక్షకుల తలల మీదుగా హెండర్సన్‌కు పొట్టి స్క్రీన్ పాస్ అందించారు. అతను 75 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 28-14 విజయంలో రక్షణ దళపు జాక్ సాయర్ బంతిని ఊడగొట్టి 83 గజాలు పరుగెత్తిన ఘట్టమే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ స్క్రీన్ పాస్ ఎన్నుకున్న సమయమే గుర్తుంటుంది.

ఫైనల్ అట్లాంటాలో, నోట్రడేమ్ విశ్వవిద్యాలయంతో. ప్రత్యర్థి తొలిసారి బంతి దక్కినప్పుడే పది నిమిషాలకు దగ్గరగా బంతిని తన దగ్గరే ఉంచుకుని టచ్‌డౌన్ చేసింది. ఒహాయో స్టేట్ దానికి కంగారు పడకుండా వరుసగా నాలుగుసార్లు బంతి దక్కినప్పుడల్లా టచ్‌డౌన్ చేసింది. హోవర్డ్ విసిరిన మొదటి పదమూడూ సరిగ్గా చేరాయి. స్మిత్ చేసిన తొలి టచ్‌డౌన్ ఆటను చదివే పద్ధతికి మంచి ఉదాహరణ. నోట్రడేమ్ ఒక్కొక్క ఆటగాడికి ఒక్కొక్క కాపలాదారును పెడుతుంది. స్మిత్ లోపలి వైపు కదిలి, బంతి కదలగానే వెనుదిరిగి బయటి గీత వైపు వెళ్లేసరికి కాపలాదారు చాలా దూరంలో ఉండిపోయాడు. 31-7 దాకా వెళ్లిన ఆధిక్యం చివర్లో 31-23కు తగ్గింది. మూడు నిమిషాల లోపు సమయం, మూడో ప్రయత్నం, పదకొండు గజాలు కావాలి. జాగ్రత్తపరుడైతే పరుగు పెట్టించి గడియారాన్ని కరిగించేవాడు, మిషిగన్ మ్యాచ్ నాటి కెల్లీ కూడా బహుశా అదే చేసేవారు. ఈసారి బంతి గాలిలో లేచి స్మిత్ చేతుల్లో పడింది, 56 గజాలు. ఫీల్డ్ గోల్‌తో 34-23. పది సీజన్ల తర్వాత మళ్లీ జాతీయ టైటిల్.

కెల్లీ ఆ తర్వాత వెళ్లిన రైడర్స్ కొలువు సీజన్ కూడా నిండకుండానే, 2025 నవంబరులో ముగిసింది. దాన్ని చూపి కొలంబస్ విజయమంతా ఆటగాళ్లదేనని తేల్చేయడం తేలిక. సరుకు గొప్పదని నేనూ ముందే ఒప్పుకున్నాను. కానీ మిషిగన్ చేతిలో ఓడిన జట్టులోనూ ఆ సరుకే ఉంది, టెనెసీని చిత్తు చేసిన జట్టులోనూ అదే ఉంది. నడుమ మూడు వారాల్లో మారింది వాడిన విధానం ఒక్కటే. తన పంతాన్ని మూడు వారాల్లో మార్చుకోగల అరవై ఏళ్ల కోచ్‌లు ఎక్కువమంది ఉండరు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తాను. తగ్గించిన ఒకటి పూర్తిగా నవంబరు 30 ఖాతాలోనిదే. పిల్లలు అక్కడ చదువుతున్నవారు, ఈ ఆట ఏమిటో ఒకసారి చూద్దామనుకునేవారు సెప్టెంబరు మ్యాచ్‌లను వదిలేసి, పెన్ స్టేట్ మ్యాచ్ చివరి అయిదు నిమిషాలు, మిషిగన్ మ్యాచ్ రెండో సగం, టెనెసీ మ్యాచ్ మొదటి క్వార్టర్ అదే వరుసలో చూడండి. నియమాలు సగమే తెలిసినా చాలు, వ్యూహకర్త ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ సర్దుకున్నాడో తెలిసిపోతుంది. అరగంటే ఉందనుకుంటే రోజ్ బౌల్ తొలి సగం ఒక్కటీ చూడండి, ప్రకటనలు తీసేసిన రికార్డింగు దొరికితే మరీ మంచిది. ఈ ఆటలో ప్రకటనలు ఆట కంటే ఎక్కువసేపు సాగుతున్నట్టు అనిపిస్తుంది, అందులో మాత్రం కెల్లీ తప్పేమీ లేదు.